కోర్కెల పత్రం రాసే ముందు

వేతన ఒప్పందం గడువు దగ్గర పడింది. గేటు మీటింగుల్లో ఎక్కడ చూసినా ఒకటే మాట: కోర్కెల పత్రం రాయండి, యాజమాన్యం చేతిలో పెట్టండి, కాదంటే సమ్మె నోటీసు ఇవ్వండి. పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక సోదరుడు లేచి, "సెక్రటరీ గారూ, ఇంకా ఎన్నాళ్లు కాగితాలు తిరగేస్తారు?" అని అడిగాడు. చప్పట్లు బాగానే పడ్డాయి. ఆ కోపం న్యాయమైనదే. పాత ఒప్పందంలో వచ్చిన పెంపు ఇంటి అద్దె పెరుగుదలకే సరిపోలేదని మాకు తెలియనిది కాదు. అయినా కార్యవర్గం ఒక మాట మీద నిలబడింది. కోర్కెలు రాసే ముందు, మనమందరం ఒకచోట కూర్చుని, మిల్లు గేటుకు అవతల ఏం జరుగుతోందో చూడాలి. అది ఎందుకో, ఎలాగో చెప్పడానికే ఈ సంచికలో ఈ స్థలం తీసుకుంటున్నాం.

మిల్లు ఒక్కటి కూడా లేని జార్జి టౌన్‌లో మిల్లు కార్మికుల సంఘానికి ఆఫీసు ఎందుకని కొత్త సభ్యులు అడుగుతూ ఉంటారు. ఆ రోజుల్లో అద్దె తక్కువని పెద్దలు తీసుకున్నారు, అంతకు మించి రహస్యం లేదు. కానీ ఇన్నేళ్లు ఈ మేడమెట్లు ఎక్కిదిగాక మాకు ఒకటి తెలిసింది. మిల్లులు ఇక్కడ లేకపోయినా మిల్లుల తలరాత చాలావరకు ఇక్కడే రాస్తారు. ఆఫీసు మెట్లు దిగి నడిస్తే గోడౌన్ స్ట్రీట్. ఏ బట్ట కదులుతోంది, ఏ బట్ట మూటల్లోనే పడి ఉంది, సూరత్ నుంచి వచ్చే సిల్కులాంటి నైలాను, పాలియెస్టరు చీర ధర ఎంత, అప్పు గడువు ముప్పై రోజులా తొంభై రోజులా అన్నది అక్కడి హమాలీకి కూడా తెలుసు. ఇటు వస్తే హైకోర్టు. అటు వెళ్తే రాజాజీ సాలై, కస్టమ్స్ హౌసు, హార్బరు. బిన్నీ కంపెనీ పెరంబూరులో బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లులు నడిపినా, దాని ఆఫీసు మాత్రం ఇక్కడి ఆర్మీనియన్ వీధిలోనే ఉండేది. అసలు ఈ పట్నం పుట్టిందే బట్ట కోసం. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఇంగ్లీషు కంపెనీ ఈ ఇసుక దిబ్బ అనుమతి తీసుకున్నది, ఇక్కడ నూలు బట్ట చౌకగా దొరుకుతుందనే కదా.

అంటే ధర, రేవు, చట్టం, పెట్టుబడి మన గుమ్మం ముందే తిరుగుతున్నాయి. మనం మాత్రం పొద్దున రైలెక్కి మిల్లు గేటుకు పోయి, క్యాంటీను టీలో పాలు లేవని, మస్టరులో పేరు తప్పు పడిందని తగాదా పడి, సాయంత్రం తిరిగి వచ్చేస్తాం. అవి చిన్న విషయాలని మేము అనడం లేదు. వాటి కోసం తగాదా పడకపోతే సంఘం ఎందుకు? కానీ దెబ్బ ఎప్పుడూ ఆ వైపు నుంచి రాలేదు.

ఒక సంగతి చెబుతాం. మిల్లు పేరు వద్దు. 1990 తరువాతి రోజులు. మేము రింగ్ ఫ్రేముల దగ్గర సైడరుగా ఉన్నాం, కార్యవర్గంలోకి కొత్తగా వచ్చాం. వయసు ముప్పై లోపే, గొంతు పెద్దది. ఆ ఏడు బోనసులో ఒక శాతం ఎక్కువ కావాలని మూడు నెలలు పోరాడాం. గేటు మీటింగులు, నల్ల బ్యాడ్జీలు, ఒక రోజు టోకెన్ సమ్మె. చివరికి దీపావళి ముందు యాజమాన్యం ఒప్పుకుంది. మమ్మల్ని భుజాల మీద ఎత్తుకుని తిప్పారు. సంక్రాంతి దాటిన వారానికి గేటు మీద నోటీసు అంటించారు. మిల్లు మూత.

బాకీల కోసం ఏళ్ల తరబడి తిరిగాం. అలా తిరిగే రోజుల్లో ఒకసారి టీ కొట్టు దగ్గర ఏడెనిమిది మందిమి కూర్చున్నాం. స్టోర్సు గుమాస్తా అన్నాడు, ఆఖరి ఏడాది ట్రావెలర్లు, స్పిండిల్ టేపులు కొత్తవి కొననే లేదు, ఉన్నవాటినే సర్దమన్నారని. లారీ దగ్గర బేళ్లు దించే అతను అన్నాడు, ఎండాకాలం నుంచే పత్తి లోడ్లు సగానికి సగం పడిపోయాయని. క్యాంటీను వంటాయన తనకు బిల్లు ఆరు నెలలు ఇవ్వలేదన్నాడు. చివర్లో వాచ్‌మన్ నోరు విప్పాడు. వినాయక చవితి తరువాత ఒక ఆదివారం ముగ్గురు మనుషులు గొలుసు పట్టుకుని వచ్చి కాంపౌండు మొత్తం కొలుచుకుని వెళ్లారట. "ఈ మాట అప్పుడే చెప్పలేదేం అన్నా?" అని అడిగాం. "మా ఆవిడకు చెప్పాను. మీరు నన్ను అడగలేదు కదా తమ్ముడూ" అన్నాడు.

అక్కడ ఎవరూ మాట్లాడలేదు. నలుగురి దగ్గర నాలుగు ముక్కలు ఉన్నాయి. కలిపి ఉంటే మిల్లు మూతపడబోతోందని ఆగస్టులోనే తెలిసేది. అప్పుడు మనం అడగవలసింది ఒక శాతం బోనసు కాదు. పి.ఎఫ్. కట్టారా లేదా, గ్రాట్యుటీకి డబ్బు ఎక్కడ పెట్టారు, నేల మీద అప్పు ఎంత ఉంది అన్నవి అడగాలి. కార్యవర్గంలో అందరం ఫ్రేముల వాళ్లమూ మగ్గాల వాళ్లమూ. స్టోర్సు గుమాస్తాను యాజమాన్యం మనిషి అనుకునేవాళ్లం. లోడింగు వాళ్లు కాంట్రాక్టు, కాబట్టి సభ్యులు కారు. వాచ్‌మన్‌ను లెక్కలోకే తీసుకోలేదు.

బయటి పరిస్థితిని నలుగురూ కూర్చుని చూడాలని మేము ఇప్పుడు పట్టుబట్టడానికి కారణం ఏ పుస్తకమూ కాదు, ఆ టీ కొట్టు.

ఇక మన ఉద్యమ చరిత్ర. మద్రాస్ లేబర్ యూనియన్ 1918 ఏప్రిల్ 27న పుట్టింది. దేశంలో తొలి కార్మిక సంఘాల్లో అది ఒకటని అందరం గర్వంగా చెప్పుకుంటాం. దాన్ని మొదలుపెట్టినవారు మిల్లులో పనిచేసినవారు కారని మాత్రం ఎక్కువగా చెప్పుకోం. పెరంబూరు వైపు దుకాణాలు పెట్టుకున్న సెల్వపతి చెట్టియారు, రామానుజులు నాయుడు. ఒకరిది బట్టల కొట్టు, మరొకరిది బియ్యం కొట్టు. వారు నడిపే భజన సభకు బిన్నీ మిల్లు కార్మికులు వచ్చేవారు. మధ్యాహ్నం భోజనానికి ఇచ్చే సమయం చాలడం లేదన్న గోడు, ధరల గోడు అక్కడ వినబడింది. యుద్ధం వల్ల బియ్యం ధర ఎంత పెరిగిందో, జీతం ఎంత పెరగలేదో బియ్యం అమ్మేవాడి కంటే ఎవరికి బాగా తెలుస్తుంది? లోపలి బాధ తెలిసినవారు, బయటి ధర తెలిసినవారు ఒక సభలో కూర్చున్నారు. సంఘం అలా పుట్టింది. వారు బి.పి. వాడియా గారిని తీసుకొచ్చి అధ్యక్షుడిగా పెట్టారు.

అదే సంఘం రెండేళ్లకే బయటి నుంచి వచ్చిన దెబ్బ తిన్నది. 1920లో లాకౌటు వచ్చినప్పుడు కంపెనీ గేటు దగ్గర పోట్లాడుతూ కూర్చోలేదు. నేరుగా ఈ జార్జి టౌన్ హైకోర్టుకు వచ్చింది. కార్మికుల చేత ఉద్యోగ ఒప్పందం భంగం చేయించారని వాడియా మీద, తోటి నాయకుల మీద దావా వేసి ఇంజంక్షన్ తెచ్చుకుంది. నష్టపరిహారం కూడా అడిగింది. సంఘాన్ని కాపాడే చట్టం అప్పటికి ఈ దేశంలో ఒక్కటీ లేదు. 1921 జనవరిలో రాజీ కుదిరింది, కానీ వాడియా కార్మికోద్యమం నుంచి తప్పుకోవలసి వచ్చింది. పెరంబూరులో వేల మంది ఒక్క మాట మీద నిలబడ్డారు, అయినా చట్టం ఎటువైపు ఉందన్నది ముందుగా లెక్క చూసుకోలేదు. ఆ దెబ్బ తరువాతే ఎన్.ఎం. జోషి గారు కేంద్ర శాసనసభలో సంఘాలకు రక్షణ కావాలని అడిగారు. 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. సమ్మె చేయించారని నాయకుల మీద సివిల్ దావా వేయకుండా అందులో 18వ సెక్షను పెట్టారు. ఈ రోజు మేము గేటు ముందు నిలబడి ధైర్యంగా మాట్లాడగలుగుతున్నామంటే ఆ దావా పుణ్యమే అనాలి.

అదే 1921లో వేసవి నుంచి నెలల తరబడి సాగిన సమ్మె సంగతి చెప్పుకోవడం కష్టం, కానీ చెప్పుకోవాలి. ఆదిద్రావిడ కార్మికుల్లో చాలామంది పనిలోకి తిరిగి వెళ్లారు. పులియంతోపులో ఇళ్లు తగలబడ్డాయి. కాల్పులు జరిగాయి. సమ్మె ఓడిపోయింది. చాలాకాలం మన వాళ్లు దాన్ని ద్రోహం అని రాశారు. మా అభిప్రాయం వేరు. సమ్మెకు ముందు వారి వాడకు పోయి, మీకు అప్పు ఇచ్చే దుకాణం ఉందా, సమ్మె పడితే మీ ఇంట్లో ఎన్ని రోజులు గింజలు ఉంటాయి, పై కులం జాబరు మీతో ఎలా మాట్లాడుతున్నాడు అని అడిగినవారు ఎంతమంది? సర్కారు, కంపెనీ ఆ చీలికను చూసి వాడుకున్నాయి. సంఘం దాన్ని చూడలేదు, చూడదలచుకోలేదు కూడా. కులం బయటి విషయం, మిల్లులో అందరూ కార్మికులే అనుకోవడం వినడానికి బాగుంటుంది. మిల్లు గేటు దాటేటప్పుడు ఎవరూ కులాన్ని చెప్పులతో పాటు బయట వదిలి రారు.

బొంబాయి సంగతికి వద్దాం. 1982 జనవరి 18న మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది ఉన్నారు. దత్తా సామంత్ గారి నిజాయితీని మేము శంకించం. కార్మికుల పట్టుదల గురించి చెప్పనక్కరలేదు, ఏడాది దాటినా లొంగలేదు, ఊళ్లకు పోయి కూలి చేసుకున్నారు. అయినా ఎందుకు పోయింది? మిల్లు మగ్గం ఆగినా బట్ట ఆగలేదు. భివాండి పవర్‌లూముల మీద నేయించి, మిల్లు ముద్ర వేసి అమ్ముకున్నారు. యజమానికి సమ్మె వల్ల నష్టం కంటే నిల్వలు వదిలించుకునే వీలు దొరికింది. మనవాళ్లకు ఇందులో మరో బాధ ఉంది. తెలంగాణ నుంచి పోయిన పద్మశాలీ కుటుంబాలు బొంబాయి మిల్లుల్లోనూ ఉన్నాయి, భివాండి పవర్‌లూముల మీదా ఉన్నాయి. ఒకే ఊరివారు, ఒకరు సమ్మెలో, ఒకరు ఆ సమ్మెను వమ్ము చేసే మగ్గం మీద. ఇద్దరికీ ఆ సంగతి తెలుసో లేదో. సమ్మెకు ముందు మిల్లు సంఘం, పవర్‌లూము కార్మికులు ఒక్కచోట కూర్చున్నా చరిత్ర మారిపోయేదని మేము అనలేం. కనీసం బట్ట ఎటు నుంచి వస్తుందో తెలిసి సమ్మెకు దిగేవారు.

తరువాత మిల్లు నేల ధర మిల్లు కంటే ఎక్కువైంది. 1991 నిబంధనలతో బొంబాయిలో మిల్లు భూములకు దారి తెరిచారు. మన దగ్గర బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లులు 1996లో మూతపడ్డాయి. కొన్నాళ్లు అక్కడ సినిమా షూటింగులు జరిగాయి, ఫైటింగులకు పాడుబడ్డ షెడ్లు బాగుంటాయట. ఇప్పుడు ఎత్తైన ఇళ్ల భవనాలు లేచాయి. వరంగల్లులో 1934 నాటి ఆజంజాహి మిల్లు స్థలం ముక్కలై అమ్ముడుపోయింది. 2020 మార్చిలో లాక్‌డౌనుకు ఆగిన ఎన్.టి.సి. మిల్లులు లాక్‌డౌను ఎత్తేశాక కూడా ఏళ్లపాటు తెరుచుకోలేదు. మిల్లు నష్టంలో ఉందని యాజమాన్యం అంటే మనం బ్యాలెన్సు షీటు అడుగుతాం. మంచిదే. మిల్లు చుట్టుపక్కల సెంటు నేల ఎంతకు పోతోందో కూడా కనుక్కోవాలి. అది రిజిస్ట్రారు ఆఫీసులో దొరికే లెక్క, ఎవరి దయా అక్కర లేదు.

ఇంకొకటి, మనలో చాలామందికి గుర్తుండేది. 2011 జనవరిలో తిరుప్పూరు రంగుల యూనిట్లను మూసేయమని ఇదే మద్రాసు హైకోర్టు ఆదేశించింది. ఏడు వందలకు పైగా యూనిట్లు. ఒక్క వారంలో వేలాది మంది రోడ్డున పడ్డారు. యాజమాన్యం కార్మికులను ముందుకు తోసి, చూడండి వీళ్ల పొట్ట కొట్టారు అంది. దావా వేసిందెవరు? నొయ్యల్ నది దిగువన పొలాలున్న రైతులు. రంగు నీళ్లు వారి బావుల్లోకి దిగాయి. వారి వాదన న్యాయమైనది. ఏళ్ల తరబడి కోర్టులో నడుస్తున్న ఆ కేసు కార్మిక సంఘాల సమావేశాల్లో ఎన్నిసార్లు చర్చకు వచ్చి ఉంటుంది? శుద్ధి యంత్రం పెట్టమని రైతుతో కలిసి మనమే ముందు అడిగి ఉంటే, మూత పడే రోజున మనం యాజమాన్యం వెనుక చేతులు కట్టుకుని నిలబడవలసిన అవసరం ఉండేది కాదు.

సరే, పాత కథలు చాలు. ఇప్పుడు మన ముందు ఏముంది?

మొదట చట్టం. నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చారు. మనం, తక్కిన సంఘాలు వద్దన్నా తెచ్చారు. వ్యతిరేకించడం ఒక పని, చదవడం మరో పని. రెండోది కూడా చేయాలి. పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఏ మిల్లులోనైనా సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు ఉండాలి. ఇదివరకు ఈ కట్టుబాటు ప్రజా వినియోగ సేవలకే ఉండేది. రాజీ చర్చలు మొదలైతే అవి నడుస్తున్నంతకాలం సమ్మె కుదరదు. సగం మంది ఒకే రోజు మూకుమ్మడి సెలవు పెడితే అదీ సమ్మె కిందే లెక్క. లేఆఫుకు, రిట్రెంచిమెంటుకు, మూతకు సర్కారు అనుమతి ఇదివరకు 100 మంది ఉన్న మిల్లుకే కావాలి, ఇప్పుడు 300 మంది ఉంటేనే. మన మిల్లుల్లో రెండు వందల పైచిలుకు ఉన్నవి ఎన్ని? ఆ సోదరులకు ఒక ఉదయం గేటు మూస్తే సర్కారును అడగనక్కరలేదు. గడువు ఒప్పందం మీద తీసుకునే ఉద్యోగాలకు తలుపులు తెరిచారు. పోతే, 51 శాతం సభ్యత్వం ఉన్న సంఘమే ఏకైక చర్చా సంఘం. ఏ సంఘానికీ అంత లేకపోతే, 20 శాతం చొప్పున ఉన్నవి కౌన్సిల్‌గా కూర్చోవాలి.

ఈ 51 శాతం మాట దగ్గర ఆగండి. యాభై ఒకటి ఎవరిలో? మస్టరు మీద ఉన్న అందరిలో. మన మిల్లుల్లో ఒడిశా, బీహారు నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటున్న కుర్రవాళ్లు ఎంతమంది ఉన్నారు? వారిని మనం "హాస్టలు వాళ్లు" అంటాం. సభ్యత్వ పుస్తకం ఎప్పుడైనా వారి ముందు పెట్టామా? భాష రాదంటాం. మన తాతలు నెల్లూరు, చిత్తూరు నుంచి వచ్చినప్పుడు వారికి తమిళం వచ్చా? కోడ్ వల్ల ఇప్పుడు అది దయ విషయం కాదు, లెక్క విషయం. పర్మినెంటు వాళ్లం మాత్రమే కూర్చుని కోర్కెల పత్రం రాసుకుంటే, రేపు చర్చల బల్ల దగ్గర మనకు కుర్చీ లేకపోవచ్చు. బయట మారిన ఒక చట్టం మన సంఘం లోపలి అలవాటును మార్చమంటోంది. కోర్కెల పత్రంలో మొదటి కోర్కె ఏది కావాలన్నది కూడా దీనితో మారుతుంది.

రెండోది పత్తి. నూలు మిల్లు ఖర్చులో పెద్ద భాగం పత్తే. తమిళనాడులో కదుర్లు ఎక్కువ, పత్తి తక్కువ. గుజరాతు, మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రల నుంచి రావాలి. 2022 మే నెలలో క్యాండీ ధర లక్ష రూపాయలు దాటింది. ఆ నెల యాజమాన్యాలు నోటీసు బోర్డు మీద పేపరు కటింగులు అంటించాయి. తరువాత ధర దిగింది. దిగిన కటింగు ఒక్కటి కూడా మేము చూడలేదు. 2025 ఆగస్టులో విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకాన్ని సర్కారు ఎత్తేసి, ఆ సడలింపును డిసెంబరు ఆఖరు వరకు పొడిగించింది. మిల్లుకు అది లాభం. వరంగల్లులో, ఆదిలాబాదులో, గుంటూరులో పత్తి వేసిన మన బంధువులకు నష్టం. ఈ రెండూ ఒకే ఇంట్లో ఉండే విషయాలు. మిల్లుకు పత్తి చౌకైందని మనం జీతం అడగాలి, నిజమే. దాంతోపాటు రైతు గురించి మన సంఘం ఏమంటుందో కూడా తేల్చుకోవాలి. నొయ్యల్ దగ్గర మౌనంగా ఉన్నట్టు ఉండకూడదు.

అదే ఆగస్టు 27న అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. తిరుప్పూరులో ఆర్డర్లు ఆగాయన్న వార్త రాగానే ఎగుమతితో సంబంధమే లేని మిల్లులు కూడా ఓవర్‌టైము కోసేశాయని సభ్యులు మాకు చెప్పారు. మన నూలు ఎక్కడికి పోతోందో తెలిస్తే ఆ రోజే జవాబు చెప్పేవాళ్లం. తెలియదు. కోన్ల పెట్టె మీద ఏ ఊరి చిరునామా ఉందో ప్యాకింగు ఆడవాళ్లకు తెలుసు. వారిని అడగలేదు.

కరెంటు సంగతీ అంతే. 2022 సెప్టెంబరులో రాష్ట్రంలో చార్జీలు పెరిగాయి. మిల్లులు గోలపెట్టాయి, అందులో నిజం ఉంది. కానీ చాలా మిల్లులకు సొంత గాలిమరలు ఉన్నాయి. గాలి సీజనులో బిల్లు ఎంత, మిగతా నెలల్లో ఎంత అన్నది మన ఎలక్ట్రీషియన్ తమ్ముడు మీటరు చూసి చెప్పగలడు. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలని మన పెద్దలు ఊరికే అనలేదు. ఈ విషయంలో అది అక్షరాలా నిజం.

యంత్రాల గురించి ఫిట్టర్లు చెప్పాలి. ఆటో డాఫరు పెడితే ఒక షిఫ్టులో ఎన్ని చేతులు తగ్గాయి, పక్క జిల్లాలో కొత్తగా పెట్టిన మిల్లులో వెయ్యి కదుర్లకు ఎంతమంది ఉన్నారు. యంత్రం వద్దని మేము అనం. అది వచ్చే తారీఖు మనకంటే ముందు మేస్త్రీకి తెలుస్తోంది, అదే మా బాధ.

ఇదంతా చూసి ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచి అన్నాడు: "బయటి పరిస్థితి బాగాలేదు, సర్దుకోండి అని యాజమాన్యం ఇరవై ఏళ్లుగా అంటోంది. ఇప్పుడు సంఘం కూడా అదే పాట మొదలుపెడితే ఇక మాకెవరు దిక్కు?" ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేం. బయటి పరిస్థితి అన్న మాటను మన నోరు మూయించడానికి ఎన్నోసార్లు వాడారు. అందుకే ఆ లెక్క మనదై ఉండాలంటున్నాం. వాళ్లు పత్తి పెరిగిన నెల చూపిస్తారు, మన దగ్గర పన్నెండు నెలలూ ఉండాలి. వాళ్లు ఆర్డర్లు లేవంటారు, గేటు దాటిన లారీల సంఖ్య మన పుస్తకంలో ఉండాలి. అప్పుడు సర్దుకోవలసిన చోట ఎంతవరకో మనకు తెలుస్తుంది, బిగించవలసిన చోట ఎప్పుడు బిగించాలో కూడా తెలుస్తుంది. దీపావళికి, పొంగలుకు ముందు గోడౌన్ స్ట్రీట్ వాళ్లు సరుకు కోసం ఎప్పుడు తొందరపడతారో చూసుకుని, 14 రోజుల నోటీసు, రాజీ చర్చల రోజులు వెనక్కు లెక్కపెడితే, మన పత్రం ఏ వారంలో ఇవ్వాలో తేలుతుంది. ఇది లొంగిపోవడం ఎలా అవుతుంది?

ఈ పని సెక్రటరీ ఒక్కడు రాత్రి కూర్చుని రాసేది కాదు. లాయరు గారు చెప్పి పంపేదీ కాదు. మేము రాస్తే మాకు తెలిసిందే రాస్తాం, మాకు తెలిసింది పాతికేళ్ల నాటి రింగ్ ఫ్రేము. అందుకని ప్రతి మిల్లు నుంచి ఆరుగురు రావాలి, ఆరుగురూ ఒకే డిపార్టుమెంటు వాళ్లు కాకూడదు. ఒక ఆడమనిషి, ఒక హాస్టలు కుర్రవాడు, లోడింగు నుంచి ఒకరు తప్పనిసరి. పదవి ఉన్నవాళ్లు మొదట మాట్లాడకూడదని కార్యవర్గం తీర్మానించింది, మాతో సహా. పెద్దలు ఒకసారి ఒక మాట అనేస్తే చిన్నవాళ్లు దానికే తల ఊపుతారు, అది మన ఇళ్లలోనూ చూస్తున్నదే. చెప్పే ప్రతి విషయానికీ కళ్లతో చూసిందా, విన్నదా, కాగితం ఉందా అని పక్కన రాస్తాం. విన్నదాన్ని పారేయం, విన్నదనే రాస్తాం. ఆ తరువాత ప్రతిదాని గురించీ ఒకటే ప్రశ్న: ఇది మన చేయి బలపరుస్తుందా, బలహీనపరుస్తుందా, ఎన్నాళ్లలో? తగాదాలు వస్తాయి. రానివ్వండి. పత్తి సుంకం మీద, హాస్టలు వాళ్ల సభ్యత్వం మీద కార్యవర్గంలోనే ఇప్పటికి రెండు అభిప్రాయాలు ఉన్నాయి. అవి అక్కడ బయటపడటమే మంచిది, సమ్మె మూడో వారంలో కాదు.

వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు జార్జి టౌన్ ఆఫీసు మేడ మీద సమావేశం. మధ్యాహ్నం భోజనం ఇక్కడే, సాంబారు అన్నం, పెరుగు. రాత్రి షిఫ్టు నుంచి నేరుగా వచ్చేవారికి స్నానానికి నీళ్లు ఉంటాయి. వచ్చేటప్పుడు ఉపన్యాసాలు రాసుకుని రావద్దు. గత మూడు నెలల్లో మీ గేటులోకి వచ్చిన బేళ్ల లోడ్లు సుమారుగా ఎన్ని, బయటికి పోయిన కోన్ల పెట్టెల మీద ఏ ఊళ్ల పేర్లు ఉన్నాయి, మీ డిపార్టుమెంటులో గడువు ఒప్పందం మీద ఎంతమంది ఉన్నారు, విడిభాగాలు కొంటున్నారా లేదా, ఇవి ఒక కాగితం మీద రాసుకుని రండి. రాయడం రాకపోతే నోటితో చెప్పండి, మేము రాసుకుంటాం. మీ వాచ్‌మన్‌ను కూడా ఒకసారి అడిగి రండి.